రాతిని తూచి బాట వేసినవాడు: జాన్ లౌడన్ మెకాడం

బాటసారి గమ్యమును చూచునే గాని బాటను చూడడు. బండి సాఫీగా సాగినంతకాలము చక్రము క్రింది రాయి ఎవరికిని జ్ఞప్తికి రాదు. చక్రము గోతిలో పడినప్పుడు మాత్రము బాట వేసినవానిని తలచి నిందించుట లోకరీతి. మన దేశమున రహదారి పనిచేయు మేస్త్రీ మొదలు ఇంజనీరు వరకు ప్రతివారి నోటను మెలగు మాట యొకటి కలదు. అది మెకాడం. అంచనా పట్టికలలోను, గుత్తదారుల బిల్లులలోను ఆ మాట కనబడును. అది ఒక విధమైన కంకర పేరనియో, యంత్రము పేరనియో తలచువారు పెక్కురు. నిజమునకు అది ఒక మనుష్యుని పేరు.

స్కాట్లండు దేశమున పుట్టి, వర్తకమున ధనమార్జించి, ఆ ధనములో చాల భాగమును బాటలను పరిశీలించుటకే వెచ్చించి, అరువదవ యేట తన అసలు పనికి పూనుకొన్న జాన్ లౌడన్ మెకాడం చరిత్రము విద్యార్థులు తెలిసికొనదగినది. అతడు క్రొత్త యంత్రమును కల్పింపలేదు. క్రొత్త పదార్థమును కనుగొనలేదు. బాటలో వేయు రాతిని ముందు పరీక్షింపవలెనని చెప్పెను. చెప్పి యూరకుండక, పరీక్షించి చూపెను. అతని గొప్పతనమంతయు ఆ చిన్న పనిలోనే యున్నది.

బాల్యము, అమెరికా ప్రయాణము

మెకాడం 1756వ సంవత్సరము సెప్టెంబరు మాసమున స్కాట్లండు నైరృతి తీరమందలి ఆయిర్ పట్టణమున జన్మించెను. తండ్రి జేమ్స్ మెకాడం ఆ పట్టణమున బ్యాంకు స్థాపించిన ప్రముఖుడు. పదిమంది సంతానములో జాన్ కడగొట్టువాడు. అతడు పసివాడుగా నున్నప్పుడే వారి లాగ్వైన్ గృహము అగ్నికి ఆహుతియయ్యెను. కుటుంబము వేరొక చోటికి తరలిపోగా, బాలుడు మేబోల్ గ్రామపు పాఠశాలలో చదువుకొనెను. ఆ దినములలోనే మేబోల్ నుండి పొరుగూరికి పోవు బాటలో కొంత భాగమునకు అతడు చిన్న నమూనా చేసెనని చెప్పుదురు.

1770లో తండ్రి మరణించెను. పదునాలుగేండ్ల బాలుని అట్లాంటిక్ మహాసముద్రము దాటించి న్యూయార్కు నగరమున వర్తకుడైన పినతండ్రి విలియం వద్దకు పంపిరి. అక్కడ అతడు లెక్కలు వ్రాయుట, సరకు పరీక్షించుట, తూనికలో మోసము పట్టుట నేర్చెను. విశ్వవిద్యాలయ విద్య అతనికి లభింపలేదు. వర్తకుని కొట్టే అతని కళాశాల. సరకును చూడక ధర చెప్పరాదను వర్తకనీతి అతనిలో నాటుకొనెను. తరువాతి కాలమున అతడు రాతిని కూడ అట్టి సరకుగానే చూచెను.

అమెరికా స్వాతంత్ర్య సమరము సంభవించినప్పుడు మెకాడం బ్రిటిషు రాజు పక్షమున నిలిచెను. యుద్ధమున పట్టుబడిన ఓడలను, వానిలోని సరకును అమ్మిపెట్టు ప్రతినిధిగా పనిచేసి విశేషముగ ధనమార్జించెను. 1778లో గ్లోరియానా నికల్ అను కన్యను వివాహమాడెను. యుద్ధము ముగిసి అమెరికా స్వతంత్రమైన పిదప రాజపక్షమువారికి ఆ దేశమున నిలువ నీడ లేకపోయెను. 1783లో మెకాడం తన ఆస్తిలో కొంత పోగొట్టుకొని, మిగిలిన ధనముతో భార్యాబిడ్డలను వెంటబెట్టుకొని స్వదేశమునకు మరలివచ్చెను.

భూస్వామి బాటలవైపు తిరుగుట

ఆయిర్ ప్రాంతమున సాక్రీ అను ఎస్టేటును కొని అతడు భూస్వామిగా స్థిరపడెను. బొగ్గు గని నడపెను. బొగ్గు నుండి తారు తీయు బ్రిటిషు తారు సంస్థతో సంబంధము పెట్టుకొనెను. ఓడల చెక్కలకు పురుగు పట్టకుండ పూయుటకు ఆ తారు అమ్ముడుపోవునని ఆశించిరి. నౌకాదళమువారు ఓడలకు రాగిరేకులు తొడుగుట ఆరంభింపగా ఆ వ్యాపారము ఆశించినంత సాగలేదు. తారును ఇంత సన్నిహితముగా ఎరిగిన మెకాడం దానిని ఎన్నడును తన బాటలలో వాడలేదు. ఆ రెండింటి కలయికకు మరియొక శతాబ్దము పట్టినది.

ఆ ప్రాంతపు భూస్వాములకు బాటల పర్యవేక్షణ కూడ ఒక బాధ్యతగా నుండెను. మెకాడం ఆయిర్ సుంకపు బాటలకు ధర్మకర్తలలో ఒకడయ్యెను. పెక్కుమంది ధర్మకర్తలకు అది గౌరవపదవి మాత్రమే. మెకాడం దానిని పనిగా తీసికొనెను. ఏటేట ఇంత సొమ్ము వెచ్చించియు బాటలేల బాగుపడవను ప్రశ్న అతనిని పట్టుకొని విడువలేదు.

నాటి బాటల దురవస్థ

ఆ ప్రశ్న విలువ తెలియుటకు నాటి ఇంగ్లండు బాటల స్థితి తెలియవలెను. పదునారవ శతాబ్దపు చట్టము ప్రకారము ప్రతి గ్రామమువారును ఏటా కొన్ని దినములు తమ ఎల్లలలోని బాటలకు వెట్టిచాకిరి చేయవలెను. ఎవరికిని ఇష్టము లేని ఆ పని ఎవరికిని పట్టకుండ సాగెను. తరువాత పార్లమెంటు అనుమతితో సుంకపు సంస్థలు వెలసెను. బాటకు అడ్డముగా గేటు పెట్టి, బండ్లవద్ద సుంకము వసూలుచేసి, ఆ సొమ్ముతో బాటను బాగుచేయుట వాని విధి. క్రమముగా అట్టి సంస్థలు వేయికి మించెను. ఒక్కొక్క సంస్థ చేతిలో కొన్ని మైళ్ల బాట మాత్రమే యుండెను. దానిని చూచుకొను సర్వేయరుకు జీతము అల్పము, చదువు అంతకంటె అల్పము. కొన్నిచోట్ల పనికిమాలిన బంధువునకో, ముసలి సేవకునికో ఆ ఉద్యోగము కట్టబెట్టుచుండిరి.

వారు చేయు మరమ్మతు ఒక్కటే. దొరికిన రాతిని దొరికినట్లు, మన్నుతో, సుద్దతో, బంకమట్టితో కలిపి బాట మధ్య కుప్పగా పోయుదురు. తలకాయంత రాళ్లు, గుండ్రని గులకరాళ్లు, నలిగిన పొడి, అన్నియు అందులో నుండును. వాన కురిసిన వెంటనే మన్ను బురదయగును. రాళ్లు చక్రము క్రింద దొర్లును. గాడులు పడును. మరల అదే రకము రాళ్లు తెచ్చి ఆ గాడులు పూడ్తురు. బాటలు చెడుటకు బండ్లే కారణమని తలచి, పార్లమెంటువారు చక్రపు వెడల్పు ఇన్ని అంగుళములుండవలెనని చట్టములు చేసిరి. మెకాడం ఈ తర్కమును తలక్రిందులు చేసెను. బాటకు తగినట్లు బండిని మార్చుట గాక, బండ్లకు తగినట్లు బాటను నిర్మింపవలెనని అతడు వాదించెను.

ముప్పదివేల మైళ్ల పాఠశాల

1798లో మెకాడం ఇంగ్లండు నైరృతి కొననున్న ఫాల్మత్ రేవునకు వచ్చి నౌకాదళమునకు ఆహారసామగ్రి సమకూర్చు పనిలో చేరెను. కొన్నేండ్లకు బ్రిస్టల్ నగరమునకు మారెను. 1798 మొదలు 1814 వరకు తీరిక దొరికినప్పుడెల్ల అతడు దేశము నలుమూలల బాటలు చూచుచు తిరిగెను. ఈ సంచారము సుమారు 30,000 మైళ్లు సాగినది. దినములు లెక్కించిన 1,900కు మించును. ఖర్చు 5,000 పౌండ్లకు మించెను. అంతయు సొంత సొమ్ము. ఎవరును అతనిని పంపలేదు. ఎవరును జీతమీయలేదు.

ఈ యాత్రలో అతడు చూచిన దేమి? ఒకే రాయి ఒక యూరిలో గట్టి బాటగను, పొరుగూరిలో బురదగుంటగను కనబడెను. రాయి దొరకని చోట బాట చెడుట వింత కాదు. మంచి రాయి సమృద్ధిగా నున్న చోట కూడ బాట చెడియుండుటయే అతనిని ఆలోచింపజేసెను. లోపము ప్రకృతిలో లేదు, రాతిని సిద్ధపరచు విధానములో నున్నదని అతనికి నిశ్చయమయ్యెను. బాటలను గూర్చిన పార్లమెంటు విచారణసంఘమునకు అతడు 1811 నాటికే తన అభిప్రాయములను వ్రాసి యిచ్చెను.

బ్రిస్టల్‌లో పరీక్ష

1816 జనవరిలో బ్రిస్టల్ సుంకపు బాటల సర్వేయరు ఉద్యోగము మెకాడమునకు లభించెను. అప్పటికతనికి అరువదవ యేడు నడచుచుండెను. ఇతరులు విశ్రాంతి కోరు వయస్సున అతడు దాదాపు 150 మైళ్ల పాడుబడిన బాటల భారమును తలకెత్తుకొనెను. ఆ యేటనే తన విధానమును వివరించుచు ఒక గ్రంథము ప్రకటించెను. 1819లో మరియొక గ్రంథము వెలువరించెను.

అతని సిద్ధాంతమున మొదటి సూత్రము నేలను గూర్చినది. బండి బరువును నిజముగా మోయునది రాయి కాదు, క్రింది నేల. పొడిగా నున్న నేల ఎంతటి బరువునైనను మోయగలదు, తడిసిన నేల మోయలేదు. కావున బాటపై వేయు రాతిపొర మొదటి ధర్మము నేలకు కప్పువలె ఉండి నీటిని క్రిందికి దిగనీయకుండుట. అందుకై అతడు బాటను చుట్టునున్న నీటిమట్టము కంటె ఎత్తున లేపెను. ఇరుప్రక్కల కాలువలు త్రవ్వించెను. బాట నడుమ భాగము మరీ వంపుగా నుండిన బండ్లన్నియు నడుమనే నడచి అక్కడనే గాడులు పడునని గమనించి, 30 అడుగుల వెడల్పు గల బాటకు నడుమ 3 అంగుళముల ఎత్తు చాలునని నిర్ణయించెను. వాననీరు జారిపోవుటకు అంతమాత్రము సరిపోవును.

రెండవ సూత్రము రాతి శుద్ధిని గూర్చినది. మన్ను, బంకమట్టి, సుద్ద మొదలగు నీటిని పీల్చు పదార్థమేదియు రాతితో కలియరాదు. పీల్చిన నీరు చలికాలమున గడ్డకట్టి ఉబ్బును, మంచు కరగినప్పుడు బాట విచ్చిపోవును. రాయి కడిగినంత శుభ్రముగా నుండవలెను. మన్ను అంటకుండుటకై రాతిని బాటపై గాక ప్రక్కన కొట్టించెను. కొట్టిన కంకరను కుప్పగా పోయక, పారతో పలుచగా వెదజల్లించెను.

మూడవ సూత్రము ఆకృతిని గూర్చినది. గుండ్రని గులకరాయి ఎన్నటికిని స్థిరపడదు. కొట్టిన రాతికి కోణములు, అంచులు ఉండును. అవి ఒకదానిలో నొకటి చొచ్చుకొని, చక్రముల ఒత్తిడికి బిగిసి, ఏ జిగురు పదార్థమును లేకయే ఏకశిలవలె అతుకుకొనును. ఇట్టి కంకరను పొరలు పొరలుగా పరచి, ఒక పొర బండ్ల రాకపోకలకు గట్టిపడిన పిమ్మట మరియొక పొర వేసి, మొత్తము 10 అంగుళముల మందము చేసిన చాలునని అతడు చెప్పెను. చక్రములు చేసిన గాడులను కూలివాండ్రు వెంటవెంటనే చదును చేయుచుండిరి.

ఆరు ఔన్సుల త్రాసు

నాల్గవది పరిమాణ సూత్రము. మెకాడం పేరు నిలిపినది ఇదియే. బండిచక్రము నున్నని బాటను తాకునది సుమారు అంగుళము మేర మాత్రమే. రాయి అంతకు మించి పెద్దదైనచో చక్రము దాని యొక కొనను నొక్కినప్పుడు రెండవ కొన పైకి లేచును. లేచిన రాతి క్రిందికి మట్టి చేరును. మట్టి చేరిన పిదప రాయి మరల తన చోట కూర్చుండదు. తరువాతి చక్రము దానిని పెకలించును. ఇట్లు ఒక పెద్దరాయి తాను చెడుటయేగాక తన చుట్టునున్న చిన్నరాళ్ల బిగువును కూడ చెరచును. కావున బాటలో వేయు ఏ రాయియు 6 ఔన్సులకు, అనగా సుమారు 170 గ్రాములకు మించరాదని అతడు శాసించెను.

అయితే నియమము చేయుట సులభము, నిలుపుట కష్టము. కుప్పలో చిన్నరాళ్లు పైన పరచి పెద్దవానిని అడుగున దాచు కూలివాండ్రు ఏ కాలమునను ఉందురు. మెకాడం తన క్రింది సర్వేయర్ల జేబులలో ఒక చిన్న త్రాసు, ఒక 6 ఔన్సుల తూనికరాయి ఎల్లప్పుడును ఉండునట్లు ఏర్పాటు చేసెను. సర్వేయరు కంకరకుప్ప వద్దకు వచ్చి, అందు కనబడిన మిక్కిలి పెద్దరాయి ఒకటి రెండు తీసి తూచును. అవి మించినచో కుప్ప మొత్తము మరల కొట్టవలసినదే. ఇందలి యుక్తి గమనింపదగినది. అతడు సగటు రాతిని తూచలేదు. పెద్దరాయి నియమమునకు లోబడిన తక్కిన రాళ్లు వేరుగ తూచనక్కరలేదు. లక్ష రాళ్ల కుప్పను రెండు రాళ్లతో పరీక్షించు ఈ ఉపాయము వర్తకుని కొట్టున నేర్చిన విద్యయే గదా!

ఈ త్రాసును గూర్చి హాస్యకథలు కూడ పుట్టెను. త్రాసు లేనిచోట రాయి నోట పట్టునో లేదో చూచి కొలుచుచుండిరనియు, ఒక కూలివాని కుప్పలో రాళ్లు మరీ పెద్దవిగా నుండుటకు కారణము విచారింపగా ఆ ముదుసలికి నోట పండ్లు లేవని తేలెననియు జనులు చెప్పుకొనిరి. కథ నిజమైనను కాకున్నను, కొలత ఎవరికి వారు మార్చుకొన వీలులేనిదిగా నుండవలెనను నీతి అందు కలదు.

రాళ్లు కొట్టు పనిని కూడ అతడు మార్చెను. నిలుచుండి పెద్ద సుత్తితో కొట్టుటకు మారుగా, కూర్చుండి చిన్న సుత్తితో కొట్టించెను. బలిష్ఠులే గాక ముసలివారు, స్త్రీలు, పిల్లలు కూడ ఆ పని చేయగలిగిరి. దానివలన పేదలకు కూలి దొరకెను. కాని దాని చీకటి ప్రక్కను కూడ చెప్పవలెను. తరువాతి కాలమున ఇంగ్లండులోని అనాథశాలలలో రాళ్లు కొట్టుట దిక్కులేనివారిచే బలవంతముగ చేయించు చాకిరియై, శిక్షవలె పరిణమించెను. నున్నని బాటల క్రింద పేదల చెమట ఎంత ఇంకినదో చరిత్ర మరువరాదు.

బ్రిస్టల్ బాటలను బాగుచేయుటకు అతడు క్రొత్త రాయి విస్తారముగా తెప్పింపలేదు. పాత బాటను పైకెత్తించి, అందులోని పెద్దరాళ్లనే ఏరి, కొట్టించి, శుభ్రపరచి మరల పరపించెను. ఖర్చు తగ్గెను, బాట బాగుపడెను. పొరుగు సంస్థలు అతని సలహాకై రాసాగెను. అతని ముగ్గురు కుమారులును ఈ పనిలోనే ప్రవేశించిరి.

పార్లమెంటు విచారణ, విమర్శలు

1819లో పార్లమెంటు సంఘము మెకాడమును పిలిచి విచారించెను. అతడు విధానమును మాత్రమే గాక వ్యవస్థను గూర్చియు చెప్పెను. చిన్న చిన్న సంస్థలను కలిపివేయవలెను. సర్వేయరు పని తెలిసినవాడు కావలెను. అతనికి గౌరవముగా బ్రతుకదగిన జీతమీయవలెను. లెక్కలు తనిఖీ కావలెను. రాతిని పరీక్షించువాడు మంచివాడు కానిచో పరీక్ష వ్యర్థమని అతని తాత్పర్యము. 1820లో పార్లమెంటు అతని ఖర్చులకై 2,000 పౌండ్లు మంజూరు చేసెను. అతడు వెచ్చించిన దానికి అది సగమైనను కాలేదు.

విమర్శకులును లేకపోలేదు. అతని సూత్రములలో పెక్కు పూర్వులకు తెలిసినవే యని కొందరనిరి. ఫ్రాన్సు దేశమున త్రెసాగే అను ఇంజనీరు అంతకు ముందే పొరలుగా రాళ్లు పేర్చి బాటలు వేసియుండెను. సమకాలికుడైన థామస్ టెల్ఫర్డ్ అడుగున పెద్ద రాళ్లను నిలువుగా పేర్చి పునాది కట్టి, పైన చిన్న కంకర పరచుచుండెను. అతని బాటలు గట్టివి, కాని ఖర్చు ఎక్కువ. మెకాడము పునాది రాళ్లు అనావశ్యకమనెను. ఇంగ్లండున సోమర్సెట్ ప్రాంతమందలి బురదనేలపై బండి నడచునప్పుడు ప్రక్కకాలువలలో నీరు కంపించును. అట్టి చోట కూడ పునాది లేక వేసిన బాట నిలిచినదని అతడు సాక్ష్యమిచ్చెను. కాలము ఇరువురి వాదములలోని సత్యమును స్వీకరించినది. నేటి ఇంజనీర్లు నేల బలమును ముందుగా పరీక్షించి, మెత్తని నేల యైనచో అడుగుపొరలను మందముగా వేయుదురు. పైపొరలలో మెకాడము చెప్పిన కోణాకృతి గల చిన్నకంకరనే వాడుదురు.

విమర్శలెట్లున్నను ఫలితము కన్నులయెదుట కనబడెను. 1830ల నాటికి ఇంగ్లండున తపాలా బండ్లు గంటకు దాదాపు 10 మైళ్ల వేగముతో పరుగిడెను. 1823లో అమెరికాలోని మేరీలాండు రాష్ట్రమున హేగర్స్‌టౌన్, బూన్స్‌బరో పట్టణముల మధ్య ఆ దేశపు మొదటి మెకాడం బాట వేయబడెను. యువకుడుగా తనకు నిలువ నీడ నీయని దేశమునకే వృద్ధాప్యమున అతని విద్య వెడలెను.

చివరి దినములు

1834లో ప్రభుత్వము సర్ బిరుదము నీయజూపగా మెకాడం వార్ధక్యము కారణముగ దానిని స్వీకరింపలేదు. ఆ గౌరవము అతని కుమారుడు జేమ్స్ పొందెను. అప్పటికే 1830లో లివర్‌పూల్, మాంచెస్టర్ నగరముల మధ్య రైలు నడచుట ఆరంభమై, తపాలా బండ్ల కాలము తీరిపోవు సూచనలు కనబడుచుండెను. 1836 నవంబరు 26వ తేదీన, స్కాట్లండు యాత్ర ముగించుకొని ఇంగ్లండులోని తన ఇంటికి మరలుచు, మొఫాట్ గ్రామమున మెకాడం కన్నుమూసెను. అక్కడనే అతనిని సమాధి చేసిరి. అతనికి ఎనుబది యేండ్లు. బాటలకై బ్రదికినవాడు బాటలోనే తనువు చాలించెను.

త్రాసు నుండి ప్రయోగశాలకు

మెకాడము రాతి పరిమాణమును, శుద్ధిని, ఆకృతిని పరీక్షించెను. కాని రాతి గట్టితనమును కొలుచు సాధనము అతనికి లేదు. ఒకే తూకము, ఒకే ఆకృతి గల రెండు రాళ్లలో ఒకటి పదేండ్లు నిలువవచ్చును, రెండవది రెండేండ్లలో పొడియైపోవచ్చును. ఈ కొరతను తరువాతివారు తీర్చిరి. ఫ్రాన్సు దేశమున డెవాల్ పేరిట ఒక యంత్రమేర్పడెను. అందు కంకరను వాలుగా నున్న గుండ్రని పాత్రలో పోసి 10,000 సార్లు త్రిప్పి ఎంత పొడి రాలినదో తూచెడివారు. 1920లలో అమెరికాలోని లాస్ ఏంజెలస్ నగరమున మరింత కఠినమైన యంత్రము వెలసెను. ఇందు కంకరతో పాటు ఉక్కుగుండ్లను కూడ వేసి 500 లేక 1,000 సార్లు త్రిప్పుదురు.

మన దేశమున నాటి భారతీయ ప్రమాణముల సంస్థ 1963లో ఐ.ఎస్. 2386 అను ప్రమాణమును ప్రకటించి ఈ పరీక్షలన్నింటికిని ఒక పద్ధతి నేర్పరచెను. నలుగుడు పరీక్షలో కంకరను ఉక్కుపాత్రలో కూర్చి, పది నిమిషములలో క్రమముగా 40 టన్నుల ఒత్తిడి వేయుదురు. దెబ్బ పరీక్షలో సుమారు 14 కిలోల సుత్తి 38 సెంటీమీటర్ల ఎత్తు నుండి 15 మారులు పడును. రెండింటను నలిగిన పొడిని 2.36 మిల్లీమీటర్ల జల్లెడలో జల్లించి తూచుదురు. చక్రములు నేరుగా తాకు కాంక్రీటు పైపొరకు వాడు కంకరలో ఆ పొడి నూటికి 30 పాళ్లు మించరాదు. రాపిడి పరీక్షకును ఆ పైపొర విషయమున అదియే హద్దు. అడుగుపొరలకు కొంత సడలింపు కలదు.

ఆకృతికి వేరొక పరీక్ష యున్నది. మందము సగటు పరిమాణములో అయిదింట మూడు వంతులకు తగ్గినచో అది పెంకురాయి. పొడవు సగటు పరిమాణమునకు 1.8 రెట్లు మించినచో అది సూదిరాయి. ఇట్టివి ఒత్తిడికి సులభముగ విరుగును గనుక మితమునకు లోబడియుండవలెను. రాయి ఎంత నీరు పీల్చునో తెలిసికొనుటకు 24 గంటలు నీట నానబెట్టి తూచుదురు. ఎండవానలకు, మంచుకు తట్టుకొనునో లేదో చూచుటకు లవణద్రావణమున ముంచి, ఆరబెట్టి, మరల ముంచుదురు. తారు పూసిన కంకరను నీటిలోనుంచి తారు ఊడిపోవునేమో పరిశీలింతురు. పరికించి చూచిన వీనిలో పెక్కు మెకాడం వేసిన ప్రశ్నలే. రాయి శుభ్రమా? నీరు పీల్చునా? దాని యాకృతి ఎట్టిది? పరిమాణమెంత? జల్లెడలు, యంత్రములు మారినవి గాని ప్రశ్నలు మారలేదు.

విధానము కూడ కాలముతో పెరిగెను. రాళ్లు కొట్టు పనికి 1858లో అమెరికా దేశీయుడు ఈలై విట్నీ బ్లేక్ క్రషరు యంత్రమును కనిపెట్టెను. 1860లలో ఆవిరి రోలర్లు వచ్చి, బండ్ల రాకపోకలవలన మెల్లగా గట్టిపడవలసిన పొరను దినములలో గట్టిపరచెను. రాతిపొడి, నీరు వేసి రోలరుతో బిగించు పద్ధతికి వాటర్ బౌండ్ మెకాడం అను పేరు కలిగినది. మోటారు కార్లు వచ్చిన పిదప వాని రబ్బరు చక్రములు సందులలోని పొడిని పీల్చి దుమ్ముగా లేపివేయ, మెకాడం బాట సడలసాగెను. 1902లో ఇంగ్లండున ఎడ్గార్ హూలీ కంకరకు తారు కలిపి టార్మాక్ అను మిశ్రమమునకు పేటెంటు పొందెను. మెకాడం యౌవనమున నష్టము తెచ్చిన తారు ఇట్లు అతని కంకరకు తోడైనది.

తెలుగు నేలపై

తెలుగునాట కంకర రోడ్డు అనునది చిరపరిచితమైన మాట. రోడ్డు ప్రక్కన తాటాకు నీడలో కూర్చుండి, చిన్నసుత్తితో కంకర కొట్టు వడ్డెర కుటుంబములు చిరకాలము కనబడుచుండెను. క్రషర్లు వచ్చి ఆ దృశ్యమును అరుదు చేసినవి. మన కొండల రాళ్లన్నియు ఒక తీరువి కావు. తెలంగాణలో విరివిగా లభించు గ్రానైటు గట్టిది. తూర్పుకనుమలందలి ఖొండలైటు వాతావరణమునకు గురియై శిథిలమైన చోట మెత్తబడియుండును. దగ్గర కొండ రాయియే చవుక యని పరీక్షింపక వేసినచో, ఆ చవుకతనము మొదటి వానకాలమునే తేలిపోవును. వాటర్ బౌండ్ మెకాడం, వెట్ మిక్స్ మెకాడం, బిట్యుమినస్ మెకాడం అను పేర్లు మన రహదారి శాఖల గ్రంథములలో నిలిచియున్నవి. పేరు నిలుచుట ఒక గౌరవమే. కాని ఆ పేరు గల మనుష్యుడు కోరినది తన పేరు కాదు, తన త్రాసు నిలుచుట.

మెకాడం జీవితమునందు అద్భుత సంఘటనలు లేవు. అతడు యుద్ధములు గెలువలేదు, రాజ్యములనేలలేదు. పలువురికి చెందిన సొమ్ముతో జరుగు పనిని ఎవరును పట్టించుకొనకపోవుట చూచి, అతడు పట్టించుకొనెను. నిందించుటతో తృప్తిపడక ముప్పదివేల మైళ్లు తిరిగి కారణము వెదకెను. కారణము దొరకిన పిమ్మట దానిని చదువురాని కూలివాడు సైతము గ్రహింపగల ఒక చిన్న కొలతగా మార్చెను. పెద్దబండలను నమ్మక చిన్నరాళ్లను నమ్మెను. ఒక్కొక్క రాయి ఆరు ఔన్సులకు లోబడి, శుభ్రముగా, కోణములు గలదియై తన చోట కూర్చుండిన చాలు, ఆ రాళ్ల కూటమి సామ్రాజ్యపు బరువునైనను మోయును. పాఠశాలలో ఒక్కొక్క విద్యార్థిని విడివిడిగా దిద్దు ఉపాధ్యాయునకు ఈ సూత్రము వేరుగ బోధింపనక్కరలేదు.